ఏరకండి, అందరివీ పెట్టండి

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల పిల్లల బొమ్మలు ప్రదర్శించడానికి ఊళ్లోని కళావేదిక వాళ్లు వారం పాటు హాలు ఇస్తామన్నారు. బాగున్నవే ఏరి పెట్టాలా? ఎలా అమర్చాలి?
– డ్రాయింగ్ టీచర్, రాజమహేంద్రవరం

జవాబు: ఏరకండి మాస్టారూ. బొమ్మ వేసిన ప్రతి పిల్లవాడిదీ, ప్రతి పిల్లదీ ఒక్కటైనా గోడ మీద ఉండాలి. ఏది పెట్టాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. వంకర గీతను మీరు సరిదిద్దితే అది మీ బొమ్మ అయిపోతుంది. బహుమతులూ వద్దు. మొదటి బహుమతి చీటీ అంటిస్తే వచ్చినవాళ్లు దాని ముందే గుమిగూడి, మిగతావి చూడకుండా వెళ్లిపోతారు.

గ్యాలరీల్లో సాధారణంగా బొమ్మ మధ్యభాగం నేలకు 145 సెంటీమీటర్ల ఎత్తున వచ్చేలా కడతారు. అది పెద్దవాళ్ల చూపుకి సరిపడే ఎత్తు. మీరు 110 దగ్గర కట్టండి, చిన్న తరగతుల వాళ్లూ తల ఎత్తకుండా చూస్తారు. సెల్లోటేపు నేరుగా బొమ్మకు అంటిస్తే తీసేటప్పుడు కాగితం చిరుగుతుంది. నల్ల చార్టు మీద నిలిపి, తాడుకు క్లిప్పులతో వేలాడదీయండి. స్కెచ్ పెన్ రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి కాబట్టి వాటిని కిటికీకి ఎదురుగా పెట్టవద్దు.

పేరు, తరగతి చాలు. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాయకండి. ఫొటోలు బయట పెట్టాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

మీ ఊళ్లోనే దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1925లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడాయన. ప్రదర్శనకు ముందే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి.