పని నేర్చుకొనువారికి వచ్చు శోధన

పాఠ్యభాగము: దానియేలు 1:3–16



మన పిల్లలనేకులు పని నేర్చుకొనుటకు ఆసుపత్రులకును, కర్మాగారములకును, ఆఫీసులకును వెళ్లుచున్న దినములివి. వారి స్థితి కష్టమైనది. చేతికి వచ్చునది స్వల్పము. సర్టిఫికెట్టుమీద సంతకము పెట్టు చేయి వేరొకరిది. ఆ చేయియే తప్పు చేయుమని చూపించినప్పుడు ఏమి చేయవలెను?

మన సంఘములోని ఒక అమ్మాయి నర్సు శిక్షణలో భాగముగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లుచున్నది. అక్కడ టీకాల ఫ్రిజ్జు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను. ఉదయము, సాయంకాలము చూచి రిజిస్టరులో వ్రాయవలెను. ఒక సోమవారము పెద్ద సిస్టరు, "నిన్నటి గళ్లు ఖాళీగా ఉన్నాయి, 4 అనీ 5 అనీ వేసెయ్యమ్మా" అన్నదట. ఆ పూటకు ఎట్లో తప్పించుకొని, సాయంకాలము ఏడ్చుచు నాయొద్దకు వచ్చినది. "అయ్యగారూ, అందరూ అలాగే వేస్తారట. వెయ్యకపోతే నా సర్టిఫికెట్టు ఏమవుతుంది?"

చిన్న అంకెయే. కాని పెంటావాలెంటు వంటి టీకా ఒక్కసారి గడ్డకట్టినయెడల మరల కరిగినను దాని శక్తి తిరిగి రాదు. బిడ్డకు టీకా వేయించితినని తల్లి నెమ్మదిగా ఇంటికి పోవును. గడి ఖాళీగా ఉన్నయెడల చూచినవారు అనుమానించి సీసాలు పరీక్షింతురు. అబద్ధపు అంకె ఆ అనుమానమునే చంపివేయును. అందుకే, ముందుగా ఆ ఫ్రిజ్జు ఎట్లున్నదో చూడుము, పాడైనట్లు తోచినయెడల డాక్టరుగారికి చెప్పక తప్పదు అంటిని.

తరువాత దానియేలు మొదటి అధ్యాయము చదివితిమి. అతడును శిక్షణలో ఉన్నవాడే. మూడు సంవత్సరముల శిక్షణ, పోషణ రాజుది. కల్దీయుల విద్య నేర్చుకొననని అతడనలేదు. క్రొత్త పేరు పెట్టినప్పుడు పోట్లాడినట్లును వ్రాయబడలేదు. రాజు భోజనము దగ్గరనే ఆగెను. ప్రతిదానికి కాదనువాని మాట ఎవరు విందురు? మన యౌవనస్థులలో కొందరు దీనిని గమనించిన మేలు.

అతడడిగిన తీరు చూడుడి. తీర్మానము హృదయములో ఉన్నది, నోట మాత్రము మనవియే. పిల్లలు చిక్కిపోయినయెడల తన తలకు ముప్పని నపుంసకుల అధిపతి భయపడెను. దానియేలు ఆ భయమును తేలికచేయలేదు. విడిచిపెట్టి ఊరకుండనూ లేదు. తమపైనున్న నియామకునియొద్దకు వెళ్లి, పది దినములు శాకధాన్యములు పెట్టి చూడుమనెను. ఆ పది దినముల భారము తనమీదనే వేసికొనెను.

ఆ సిస్టరుకును తనిఖీ భయమున్నది. ఆదివారమున ఫ్రిజ్జు చూచుటకు ఆమెకు తోడెవరును లేరు. మరునాడు అమ్మాయి ఇట్లడిగినది: "అక్కా, ఆదివారంవి నేను చూడలేదు, వెయ్యలేను. ఇవాళ్టివి చూసి వేస్తాను. ఇకమీదట ఆదివారాలు నేనే వచ్చి చూస్తాను."

సిస్టరు రెండు దినములు ఆమెతో మాటలాడలేదు. ఆ గళ్లు ఖాళీగానే ఉన్నవి. సర్టిఫికెట్టు ఇంకను చేతికి రాలేదు. ఇప్పుడామె ఆదివారము మొదటి కీర్తన అయిన పిమ్మట ఆరాధనకు వచ్చుచున్నది. ఆలస్యమెందుకని ఎవరును ఆమెను అడుగవద్దని పెద్దలను కోరుచున్నాను.