ప్రోటీనుకు గుర్తు వేసే ఎంజైము - యు.బి.ఇ.3ఎ జన్యువు

నాందేడ్‌లో పన్నెండో తరగతి సైన్సు, నీట్ పరీక్షకు చదువుతున్న మన విద్యార్థినీ విద్యార్థుల కోసం ఈ పాఠం.

కణంలో పాడైన, అవసరం తీరిన ప్రోటీనులకు ముందుగా యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను గుర్తుగా అంటుకుంటుంది. ఇందులో ఉండేవి 76 అమైనో ఆమ్లాలే. ఆ గుర్తున్న ప్రోటీనును ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది. ఈ విధానాన్ని కనుగొన్న సిచనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ పనిని ఇ1, ఇ2, ఇ3 అనే ఎంజైములు వరుసగా చేస్తాయి. ఏ ప్రోటీనుకు గుర్తు వేయాలో ఎంచేది ఇ3. అటువంటి ఒక ఇ3 ఎంజైము తయారీకి సూచనలిచ్చే జన్యువే 15వ క్రోమోజోముపై ఉన్న యు.బి.ఇ.3ఎ. మెదడులోని నాడీకణాలలో తల్లి నుండి వచ్చిన జన్యువే పనిచేస్తుంది. అది లోపిస్తే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ వస్తుంది. బిడ్డకు మాటలు సరిగా రావు, నడక తడబడుతుంది, మూర్ఛలు రావచ్చు.

హెచ్.పి.వి. వైరస్ ఇదే ఎంజైమును తన పనికి వాడుకుంటుంది. 16, 18 రకాల వైరస్‌లలోని ఇ6 ప్రోటీను దానిని పి53 మీదికి మళ్లిస్తుంది. పి53 క్యాన్సరును అడ్డుకునే కావలి ప్రోటీను. అది నశిస్తే దెబ్బతిన్న కణాలు పెరిగి, కొన్నేళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రావచ్చు.

వైరస్ సోకకముందే, 9-14 ఏళ్ల వయసులో, బాలికలకు టీకా వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మన రాష్ట్రంలోని పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకా 2023లో విడుదలైంది. ఈ సంగతి ఇంట్లో అమ్మకు, అక్కచెల్లెళ్లకు తప్పక చెప్పండి.

ఆలోచించండి: ఎంజైము లోపించడం, ఎంజైము దారి తప్పడం - ఈ రెండింటికీ తేడా ఏమిటి?