జగర్గుండా: సంత నుంచి శిబిరానికి

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు జగర్గుండా ఒకప్పుడు చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారానికి పేరున్న సంత. బస్తర్ పల్లెలకు సంతంటే సరుకులే కాదు. చుట్టాల పలకరింపులు, కోడిపందేలు కూడా. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో సల్వాజుడుం మొదలయ్యాక ఊరు కంచె వెనక శిబిరమైంది, బడులు మూతబడ్డాయి. ఎందరో ఆదివాసీలు ఖమ్మం ప్రాంత అడవులకు వలస వచ్చారు. ఇక్కడ వారిని గుత్తికోయలంటారు.

సల్వాజుడుం విషయంలో తప్పక గుర్తుంచుకోవాల్సింది నందినీ సుందర్ కేసు. 2011 జులై 5న జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, మావోయిస్టులపై పోరుకు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమంది. అది అధికరణలు 14, 21ల ఉల్లంఘనని తేల్చింది. తెలుగు న్యాయమూర్తి తీర్పు కనుక మన పోటీ పరీక్షల్లో అడిగే అవకాశం ఎక్కువే.

జగర్గుండా జిల్లా దగ్గర తడబడొద్దు: 2012కు ముందు దంతెవాడ, ఇప్పుడు సుక్మా. బడులు 2019లో మళ్లీ తెరుచుకున్నాయి.