రొమ్ము ఆపరేషన్ తర్వాత పనిలోకి ఎప్పుడు?

సంగం జాగర్లమూడి లాంటి ఊళ్లో రొమ్ము తీయించుకుని వచ్చిన మనిషిని అందరూ ముందు అడిగేది గాయం మానిందా అని. పనిలోకి వెళ్లేది మాత్రం ఆ పక్క చెయ్యి ఎంతవరకు లేస్తుంది, ఎంత బరువు ఓర్చుకుంటుంది అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేస్తే చేతిలో చేరే ద్రవం వెనక్కి వెళ్లే దారులు తగ్గిపోతాయి. అందుకే ఏళ్లు గడిచాక కూడా చెయ్యి వాయవచ్చు.

మొదటి నెల

చాలామంది చంక దగ్గర ట్యూబుతోనే ఇంటికొస్తారు. రోజూ ఒకే వేళకు ద్రవం కొలిచి రాసిపెట్టండి. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాక సాధారణంగా ట్యూబు తీసేస్తారు. వేళ్లు, మోచెయ్యి ఆడించడం మొదట్నుంచీ చేయాలి. డాక్టరు సరేనన్నాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించండి. అందిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. నొప్పని చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. రేడియేషన్‌కు చెయ్యి తలపైకి ఎత్తి పడుకోవాల్సి వస్తుంది కాబట్టి ఈ వ్యాయామం తప్పనిసరి.

చేలో, పాక దగ్గర

నాలుగు నుంచి ఆరు వారాలు నీళ్ల బిందె, పాల క్యాను, గడ్డిమోపు ఎత్తొద్దు. ఆ తర్వాత పని కొద్దికొద్దిగా పెంచాలి. పాలు పిండటం ఒక గేదెతో మొదలుపెట్టి, మధ్యమధ్య ఆగండి. ఇక జన్మలో బరువెత్తొద్దన్నది పాత మాట. క్రమంగా, పర్యవేక్షణలో బరువులు పెంచితే వాపు ఎక్కువ కాదని 2009లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది.

మినుము పీకేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ముల్లు గుచ్చుకున్నా కొడవలి గీసుకున్నా వెంటనే సబ్బుతో కడగాలి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఎప్పుడూ వేసుకునే గాజులు ఆ చేతికే బిగువైనా, జాకెట్టు చెయ్యి పట్టేసినా వాపు మొదలైందేమోనని చూపించుకోవాలి.

సెలవు, డబ్బు

రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు ఉంటుంది. యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే, రాకపోకలకే పొద్దు పోతుంది. ఆ వేళలు పనిచోట ముందే చెప్పుకోండి. ‘ఫలానా తేదీ వరకు ఇన్ని కిలోలకు మించి ఎత్తకూడదు’ అని డాక్టరు చేత రాయించుకుంటే జబ్బు వివరాలు అందరికీ చెప్పక్కర్లేదు.

మిల్లులోనో డెయిరీలోనో జీతంలోంచి ఈఎస్‌ఐ కోత పడుతుంటే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. క్యాన్సర్ దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది కనుక, చందా షరతులు నెరవేరితే ఆపైన రెండేళ్ల దాకా 80 శాతం పొందవచ్చు. కూలి కుటుంబాలకు ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ విభాగం ఉంది. ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లండి.

రోజు కూలికి ఏ సెలవూ లేదు. అందుకే ముఠా మేస్త్రితో ముందే మాట్లాడుకుని, పనిలోకి దిగిన మొదటి నెల ఒంటిపూట పనికి, మోతలేని పనికి ఒప్పించుకోండి. ఒంటిపూట కూలి తక్కువే, కానీ తొందరపడి చెయ్యి వాస్తే అదీ పోతుంది.