స్టీరింగు దగ్గర మంట పెట్టొద్దు

మా మేనల్లుడు 1972 నాటి అంబాసిడర్ మార్క్ టూ కొన్నాడు. స్టీరింగు రాయిలా ఉందట, ర్యాకులో ప్లే కూడా వచ్చిందట. "ఏదన్నా కొత్త కారు పవర్ ర్యాకు తెచ్చి బిగించేద్దాం మామయ్యా" అని ఫోను చేశాడు. విజయవాడ ఆటోనగర్లో నలభై ఏళ్లు స్పానరు పట్టినవాణ్ణి. ఫోన్లో చెబితే సగం మరిచిపోతాడని కాగితం మీద పెడుతున్నాను.

1. బరువుగా ఉందంటే తప్పు ర్యాకుదేనని అనుకోకు

ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. రెండు టై రాడ్ ఎండ్లూ స్టీరింగు ఆర్ముల నుంచి విడదీసి, ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడు. అప్పుడూ బిగుసుకుంటుంటే ర్యాకుకు సంబంధం లేదు. చక్రం తిరిగే పిన్నులో, దాని లింకుల్లో గ్రీజు ఎండిపోయింది. నిపుల్లో మట్టి పూడిపోయి, ఏళ్ల తరబడి గ్రీజన్నది లోపలికి పోని బండ్లు నా షెడ్డుకు లెక్కలేనన్ని వచ్చాయి. టైర్లు కూడా చూడు. ఆ బండికి పుట్టుకతో వచ్చినవి 5.90-15 సన్న టైర్లు. వెడల్పు రేడియల్స్ వేసి, గాలి తక్కువ పెట్టి, స్టీరింగు బరువంటే ర్యాకు ఏం చేస్తుంది?

2. పాత ర్యాకు తక్కువదేమీ కాదు

ప్రీమియర్ పద్మిని కారుకు స్టీరింగు బాక్సు ఉన్న రోజుల్లోనే అంబాసిడర్‌కు ర్యాకు, పినియన్ ఉన్నాయి. 1948లో ఇసిగోనిస్ గీసిన మారిస్ మైనర్‌లో ఉన్న పద్ధతే మారిస్ ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చింది, అక్కణ్ణుంచి మన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీకి వచ్చింది. ఆ కాలపు మారిస్ ర్యాకుల్లో పోయాల్సింది గేర్ ఆయిలు. చాలామంది బూటు చిరిగిపోయిందని గ్రీజు కూరేస్తారు. పళ్ల మీంచి పక్కకు జరిగిన గ్రీజు మళ్లీ పళ్ల మీదికి రాదు. ఆయిలైతే పారి వస్తుంది. కొత్త బూట్లు, ఆయిలు, షిమ్ములు సర్దడం, వీటితో బాగుపడే ర్యాకును పారేయడం నాకు బాధగా ఉంటుంది.

3. కొత్త ర్యాకు కొనేముందు టేపు తీయి

మార్చక తప్పదనుకో. అప్పుడు చూడాల్సిన మొదటి కొలత ర్యాకు మొత్తం పొడవు కాదు. బూట్ల లోపల, ర్యాకు రెండు కొనల్లో ఉన్న బాల్ జాయింట్ల నడుమ దూరం. చక్రం గుంటలో పడి లేచినప్పుడు టై రాడ్డు ఆ లోపలి జాయింటు చుట్టూ ఒక వంపు గీస్తుంది. చక్రాన్ని మోసే ఆర్ములు తమ వంపు తాము గీస్తాయి. రెండు వంపులూ కలిసి నడిచేలా కారు గీసినవాళ్లు ఆ జాయింటుకు చోటు పెట్టారు. నువ్వు ఆ చోటు మారిస్తే, చేతిలో స్టీరింగు కదలకపోయినా గతుకు గతుక్కీ చక్రం తనంతట తానే పక్కకు చూస్తుంది.

పరీక్ష ఇలా చెయ్యి. చక్రం తీసి డ్రమ్ముకు చదునైన చెక్కపలక బిగించు. ఆర్ము తేలిగ్గా లేవాలంటే టార్షన్ బారు బిగింపు విప్పాలి. అందులో బండి బరువును మోసే మెలి ఉంటుంది కాబట్టి ఆర్ము కింద జాకీ లేకుండా ఆ నట్టు ముట్టుకోవద్దు. తరవాత జాకీతో అంగుళం చొప్పున ఆర్మును లేపుతూ, దించుతూ, పలక ముందు అంచు, వెనక అంచు నేల మీద నిలబెట్టిన గుర్తుల నుంచి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకో. లేపినప్పుడు ఒక వైపు, దించినప్పుడు రెండో వైపు తిరిగితే ర్యాకు ఎత్తు తేడా. ప్యాకింగు పలకలతో కొన్ని మిల్లీమీటర్లు సర్దితే పోతుంది. లేపినా దించినా ఒకే వైపు తిరిగితే పొడవు తేడా. దానికి ప్యాకింగు పని చెయ్యదు. ఆ ర్యాకు నీ బండిది కాదు, తిరిగి ఇచ్చెయ్యి.

4. టై రాడ్డుకు, ఆర్ముకు వెల్డింగు లేదు, వేడి చేసి వంచడం లేదు

షెడ్డు పెట్టిన రెండో ఏడు. ఒక టాక్సీ అంబాసిడర్ ర్యాకు పూర్తిగా పోయింది. సరుకు దొరక్క వేరే బండి ర్యాకు బిగించాను. టై రాడ్లు పొడవయ్యాయి. నడుమ కోసి, రెండు ముక్కలూ కలిపి వెల్డింగు చేయించాను. పైన నున్నగా గ్రైండింగు పట్టించి నల్ల రంగు వేస్తే అతుకే కనబడలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ సాయంత్రం ఆ కారు పిల్లలున్న ఒక కుటుంబాన్ని తీసుకుని తిరుపతి వెళ్లాలి. డ్రైవరు షెడ్డులోంచి వెనక్కి తీస్తూ స్టీరింగు చివరిదాకా తిప్పాడు. టప్పుమంది. ఎడమ చక్రం ఒక దిక్కుకు, కుడి చక్రం ఒక దిక్కుకు చూస్తూ నిలబడిపోయాయి. వంగి చూస్తే వెల్డింగు చెక్కుచెదరలేదు. దాని పక్కన, వేడి తగిలి మళ్లీ చల్లారిన చోట, రాడ్డు సుద్దముక్కలా విరిగింది. డ్రైవరుకు ఏమీ కాలేదు. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. ఇంకో గంటాగి విరిగి ఉంటే ఆ పిల్లలు వెనక సీట్లో ఉండేవారు.

ఆ రాడ్లు ఊరికే ఇనప కడ్డీలు కావు. రాయికి గుద్దుకుంటే ఫ్యాక్టరీ రాడ్డు వంగుతుంది, బండి పక్కకు లాగుతుంది, నీకు తెలుస్తుంది. అతుకు పడిన రాడ్డు చెప్పా పెట్టకుండా తెగుతుంది. పొడవు తగ్గాలంటే, చివర త్రెడ్డు మిగులు ఉన్నంత మేరకే కోసుకో. కోశాక కూడా ఎండు లోపలికి రాడ్డు మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు త్రెడ్డు ఎక్కాలి. చాలకపోతే సరైన పొడవు రాడ్డు దొరికేదాకా బండి షెడ్డులోనే ఉండనీ.

5. టేపరు కంటికి దొరకదు

కొత్త టై రాడ్ ఎండు పాత ఆర్ము రంధ్రంలో కూర్చున్నట్టే ఉంటుంది, నట్టు కూడా బిగుస్తుంది. నమ్మొద్దు. స్టడ్డుకు పల్చగా మార్కింగ్ బ్లూ రంగు పూసి, లోపల పెట్టి తిప్పి తీయి. మరక కొస నుంచి మొదలు దాకా పరుచుకుంటే సరే. ఒక్క గాజులా పడితే అది ఒక్క చోటే ఆనుతోంది, వందల గతుకుల తర్వాత వదులవుతుంది. తగిన టేపర్ రీమరుతో సరిచేయించాలి. స్లీవు వేసి సరిపెట్టేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను.

6. నడుమ షాఫ్టు

పినియన్ చోటు మారితే కాలమ్‌కు, ర్యాకుకు మధ్య రెండు యూనివర్సల్ జాయింట్ల షాఫ్టు పడుతుంది. రెండు జాయింట్లూ ఒకదానికొకటి సరైన వరసలో ఉండాలి. లేకపోతే స్టీరింగు ఒక చోట తేలిక, ఒక చోట బరువు. పించ్ బోల్టు స్ప్లైను గాడిలోంచే దూరాలి.

7. తేలికయ్యాక వచ్చే ఇబ్బంది

పవర్ లేని బండికి, చేతికి భారం కాకూడదని, క్యాస్టర్ తక్కువే ఇస్తారు. క్యాస్టర్ అంటే సైకిలు ముందు ఫోర్కుకు ఉండే వాలు లాంటిది, చేతులు వదిలినా తిన్నగా పోవడానికి అదే కారణం. దాని మీద పవర్ ర్యాకు పెడితే ఊళ్లో హాయిగా ఉంటుంది. హనుమాన్ జంక్షన్ దాటి హైవే మీద 80లో పోతుంటే మాత్రం బండి తేలుతున్నట్టుంటుంది, తిప్పిన స్టీరింగు వెనక్కి రాదు. క్యాస్టర్ ఒకటి రెండు డిగ్రీలు పెంచి, మళ్లీ అలైన్‌మెంటు చేయించాలి. పాత లెక్కలతోనే అలైన్‌మెంటు చేసి పంపితే ఊరుకోకు.

8. బాడీని కోయకు

అంబాసిడర్‌కు విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజిన్‌లో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నీ బండికి ఆ వయసు వచ్చేసింది. మందపాటి పలకతో బ్రాకెట్టు చేయించి, పాత రంధ్రాలకే బోల్టులతో బిగించు. రేపు నువ్వో, నీ తర్వాత కొన్నవాళ్లో విప్పితే బండి 1972లో ఉన్నట్టే ఉండాలి.

9. బిగించాక

స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడు. బ్రేకు గొట్టం లాగకూడదు, టైరు ఎక్కడా రాసుకోకూడదు. స్ప్లిట్ పిన్నులు కొత్తవే వెయ్యి. రెండొందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టూ మళ్లీ చూడు. పాత ర్యాకు కడిగి, ఆయిలు పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టు. షిమ్ములు దారంతో కట్టి దాంట్లోనే ఉంచు.

ఆదివారం పొద్దున బ్లూ డబ్బా, గ్రీజు గన్ను పట్టుకుని వస్తున్నాను అల్లుడూ. నేనొచ్చేదాకా ఏ ర్యాకూ కొనకు. టై రాడ్ ఎండ్లు మాత్రం విప్పి ఉంచు.