లెవీ గింజల దగ్గర మొదలుపెట్టు

శంషాబాద్

చిరంజీవి శ్రావణికి,

ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ డ్యూటీలు చేసుకుంటూనే యూనియన్ క్లాసులో పాఠం చెప్పడానికి ఒప్పుకున్నవని మీ నాయన చెప్పిండు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దగ్గర కమ్యూనిస్టు పార్టీ ఎట్లా పెరిగిందన్నది నీ అంశమట. దీన్ని వీరగాథగా చెప్పేటోళ్లున్నరు, ద్రోహం కథగా చెప్పేటోళ్లున్నరు. ఆ రెండు దారులూ నీకు వద్దు.

ముందుగా ఇబ్బంది పెట్టే ముచ్చటే చెప్పు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైనప్పుడు పార్టీ దాన్ని సామ్రాజ్యవాదుల యుద్ధమన్నది. నాయకులు కొందరు జైళ్లకు, కొందరు అజ్ఞాతంలోకి పోయిండ్రు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డడు. ఆ ఏడాది డిసెంబరుకల్లా అదే యుద్ధం ప్రజాయుద్ధమైంది. 1942 జులైలో బ్రిటిష్ సర్కారు 1934 నుంచి ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. మరుసటి నెలలోనే క్విట్ ఇండియా వచ్చింది. జనం జైళ్లు నింపుతుంటే పార్టీ పక్కకు నిలబడ్డది. ద్రోహులన్న మాట ఏండ్ల తరబడి పడవలసి వచ్చింది. క్లాసులో ఎవరన్నా అడిగితే దాటెయ్యకు, సాకులూ చెప్పకు. జరిగింది జరిగినట్టు చెప్తేనే తర్వాత చెప్పేది నమ్ముతరు.

మరి అంత మచ్చ పడ్డ పార్టీ ఎట్లా పెరిగింది? దేశమంతటా 1942లో సుమారు 5 వేలున్న సభ్యులు, 1943 మేలో బొంబాయి మహాసభ నాటికి 15 వేలు దాటిండ్రు. చట్టబద్ధంగా తిరిగే వీలు దొరకడం ఒక కారణం. ఆ వీలును ఏ పనికి వాడుకున్నరన్నది అంతకన్నా పెద్ద కారణం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డయి. 1943లో బెంగాల్ కరువు. ఆ రోజుల్లోనే పార్టీ తన ‘ప్రజాశక్తి’ పత్రికతో, రైతు సంఘాలతో, ప్రజానాట్యమండలి కళాకారులతో ఊళ్లకు చేరింది. ఆ మండలి కళాకారుడు నాజర్ చెప్పిన బుర్రకథను గుర్తు చేసుకో. నడుమ తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకాయన పని రాజకీయం చెప్పడం, ఇంకొకాయన పని నవ్వించడం. చదువురాని రైతు కూడా ఆకలి ఎవరి పుణ్యమో నవ్వుకుంటూనే తెలుసుకున్నడు.

మన నిజాం రాజ్యం కథ వేరు. ఇక్కడ పార్టీకి తలుపు తెరిచింది లెవీ. యుద్ధకాలంలో సర్కారు తాను కట్టిన ధరకు రైతు దగ్గర గింజలు కొలిపించుకునేది. పటేల్, పట్వారీ రాసిందే లెక్క. దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాముల ధాన్యం పాతర్లలో దాగి నల్లబజారుకు పోయేది. చిన్న రైతు మాత్రం తిండిగింజలు కూడా కొలిచి, అదే నల్లబజారులో ఎక్కువ ధరకు కొనుక్కునేవాడు. వెట్టి చాకిరీ ముందే ఉన్నది, లెవీ దాని మీద మరో బరువైంది.

ఆ బరువును ఎదిరించిన సంఘం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేటప్పుడు మన పక్క ఊరి సంగతి చెప్పు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్రమహాసభ అయిదో సభ 1936లో షాద్‌నగర్‌లోనే జరిగింది. అధ్యక్షుడు కొండా వెంకట రంగారెడ్డి, మన జిల్లాకు పేరిచ్చినాయన. అప్పట్లో ఆ సభ పెద్దమనుషుల చేతుల్లో ఉండేది. 1944లో భువనగిరిలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైండు, సభ రెండుగా చీలింది, సభ్యత్వ రుసుము అణాకు తగ్గింది. అణా కట్టి చీటీ తీసుకున్న జీతగాడు కూడా సభ మనిషైండు, ఊళ్లల్లో దాన్నే సంఘమన్నరు. ఆ సంఘం అండతోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనియ్యలేదు. 1946 జులై 4న కడవెండిలో అదే దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయేనాటికి ఊళ్లు కూడగట్టుకుని ఉన్నయి.

హైదరాబాద్ పట్నం సంగతీ మరువకు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీలు వచ్చినయి. ధరలు జీతాలను దాటిపోయినయి. సిటీ కాలేజీ కొలువు వదిలిన కవి మఖ్దూం మొహియుద్దీన్ కార్మికుల మధ్యకు పోయి సంఘాలు కట్టిండు.

దీంట్లోంచి నేను తీసుకున్న మాట ఒకటే. ఎక్కడో మాస్కో, ఢిల్లీల వైపు చూసి తీసుకున్న నిర్ణయాలు పార్టీకి మచ్చలు తెచ్చినయి. ఊళ్లో గింజల కొలత దగ్గర నిలబడ్డ మనుషులు దానికి బలం తెచ్చిండ్రు. యుద్ధం అందరికీ ఒకేలా వచ్చింది, కాంగ్రెస్‌కూ, నిజాంకూ. ఎవరి దగ్గర ఆ కొలతను అడిగే మనిషి ఉన్నడో వాళ్ల వైపే జనం పోయిండ్రు. కష్టకాలం వస్తే పార్టీ దానంతటదే పెరుగుతదని నీ తోటివాళ్లు ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

నువ్వూ అంతే చెయ్యి బిడ్డా. క్లాసు చివర పది నిమిషాలు నువ్వు మాట్లాడకు. మీ షిఫ్టు వాళ్లను అడుగు: ఓవర్‌టైం లెక్క ఎవరు రాస్తున్నరు? పీఎఫ్ కోత స్లిప్పులో సరిగ్గా పడుతున్నదా? కాంట్రాక్టరు మారితే పాత సర్వీసు ఏమైతున్నది? జవాబులు నోటుబుక్కులో పేరు పేరునా రాసుకో. వచ్చే నెల క్లాసుకు అంశం కోసం వెతకనక్కర్లేదు.

నైట్ డ్యూటీ రోజుల్లో వేళకు తిను.

ఇట్లు,
మీ పెద్దనాయన