కారు తలుపులో స్పీకరు : ఒక ధ్వనిశాస్త్ర పాఠము



తెలుగు చెప్పు ఉపాధ్యాయునకు కారు తలుపులతోను, స్పీకర్లతోను ఏమి పని యని మీకు తోచవచ్చును. ఆ పని తెచ్చిపెట్టినది నా కారే. ముందు ఆ సంగతి చెప్పి, పిదప పాఠమునకు వచ్చెదను. మన హోసూరు ప్రాంతమున మోటారు బండ్ల పనికి కొదవ లేదు. మీ తండ్రులలోను, అన్నలలోను కొందరు ఇప్పటికే ఆ పనిలో నున్నారు. మీలోను కొందరు రేపు ఆ పనికి పోవువారే. కావున ఈ పాఠము మీకును, మీ యింటివారికిని గూడ ఉపయోగపడునని తలచుచున్నాను.

నేను ఒకరు వాడిన చిన్న కారును కొంటిని. దాని ముందు తలుపులలోని స్పీకర్లు కాగితపు శంకువు చినిగి గరగర లాడుచుండెను. ఒక దుకాణమునకు పోయి, ఆరున్నర అంగుళముల క్రొత్త జత కొని, అక్కడనే బిగింపించితిని. ఇంటికి వచ్చి ఘంటసాల పాట పెట్టగా కంఠము వినబడినది గాని, దాని గాంభీర్యము పోయినది. మృదంగపు ఎడమవైపు నాదము అసలే లేదు. చినిగిన పాత స్పీకర్లే మేలనిపించినది. దుకాణమువారి నడుగగా, ఇంకను పెద్దవి కొనవలెననియు, వేరుగా యాంప్లిఫయరు పెట్టవలెననియు చెప్పిరి. దాని వెల నా జీతములో సగము. ఇంతలో వాన కురిసినది. మరునాడు చూడగా కారులో కాళ్ల క్రింది పట్ట తడిసి యున్నది.

మన బడిలో పదవ తరగతి వరకు చదివి, ఐ.టి.ఐ. ముగించి, కార్ల షెడ్డులో పనిచేయుచున్న ఒక పూర్వవిద్యార్థి అది చూచెను. తలుపు విప్పి, ఒక స్పీకరు వెనుకనున్న రెండు తీగలను అటుదిటు, ఇటుదటు మార్చెను. స్పీకరు చుట్టునున్న సందులు మూసెను. చినిగిన ప్లాస్టిక్ పొరకు బదులు క్రొత్త పొర అంటించెను. పాట పెట్టగా మృదంగము తిరిగి వచ్చినది! నేను ఆశ్చర్యపడి కారణ మడుగగా అతడిట్లనెను:

"స్పీకర్లు మంచివే అయ్యవారూ. ఒకటి ముందుకు పోతావుంటే ఇంకొకటి ఎనక్కు పోతావుంది. రెండూ కొట్లాడుకుంటే పాట యాడుంటాది?"

"ఇది నీకెవరు నేర్పినారు?" అంటిని.

"మన బడిలోనే గదా అయ్యవారూ! సంపీడనము, విరళీకరణము అని సైన్సు అయ్యవారు చెప్పినారు. షెడ్డులో తీగలు విప్పేది నేర్చుకున్నాను. ఎందుకనేది ఈడ నేర్చుకున్నదే."

ఆ 'ఎందుకు' అనుదానినే ఇప్పుడు మనము చూతము.

స్పీకరు పలుకు విధము

స్పీకరులో ముఖ్యమైన భాగములు మూడు: వెనుక ఒక స్థిరమైన అయస్కాంతము, దాని నడుమ సందులో కదలగలిగిన తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన శంకువు. తీగచుట్టలో విద్యుత్ప్రవాహము పారినప్పుడు అయస్కాంత క్షేత్రము దానిని త్రోయును. ప్రవాహము ఒక దిశను పారిన శంకువు ముందునకును, ఎదురు దిశను పారిన వెనుకకును కదలును. పాటను బట్టి ప్రవాహము సెకనుకు ఎన్నిమారులు దిశ మార్చునో, శంకువు అన్నిమారులు ముందు వెనుకలకు ఆడి గాలిని కదలించును. ఈ కదలికయే ధ్వని.

నేడు మనము వాడు స్పీకరు రూపమును 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు ప్రకటించిరి. 1930లో గాల్విన్ సోదరులు మోటరోలా అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. పరికరములు ఎంత మారినను, అయస్కాంతము, తీగచుట్ట, శంకువు అను మూడింటి పని నేటికిని అదియే.

ముందు అల, వెనుక అల

ఇక అసలు విషయమునకు వత్తము. శంకువు ముందునకు కదలినప్పుడు దాని ముందరి గాలి నొక్కుకొనును, ఇది సంపీడనము. అదే క్షణమున దాని వెనుకనున్న గాలి పలుచబడును; ఇది విరళీకరణము. అనగా స్పీకరు ఒకే కాలమున రెండు అలలను పుట్టించుచున్నది. ఒకటి ఉబ్బునపుడు రెండవది కుంగును. ఈ రెండును కలిసినచో ఏమగును? ఉబ్బును కుంగు పూడ్చివేయును. రెండు ధ్వనులు కలిసి పెద్ద ధ్వని కావలసినది పోయి, నిశ్శబ్దమునకు దగ్గరగును. దీనినే వ్యతికరణ మందురు.

అట్లయినచో తీవ్రమైన సన్నని ధ్వనులు చావక, గంభీరమైన లావు ధ్వనులే ఏల చచ్చును? చిన్న లెక్క చేసి చూడుడు. 20 డిగ్రీల సెల్సియస్ వేడిమి గల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. వేగమును పౌనఃపున్యముచే భాగించిన తరంగదైర్ఘ్యము వచ్చును. గంభీరనాదము 100 హెర్ట్జులనుకొన్నచో, దాని అల పొడవు 3.43 మీటర్లు. 3430 హెర్ట్జుల సన్నని నాదమునకు అల పొడవు 10 సెంటీమీటర్లు మాత్రమే.

ఆరున్నర అంగుళముల స్పీకరు వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. వెనుక అల అంచు చుట్టి ముందునకు వచ్చుటకు నడువవలసిన దూరమును ఇంచుమించు అంతే. మూడు మీటర్లకు మించిన అలకు ఈ దూరము లెక్కలోనిది కాదు. కావున వెనుకనున్న కుంగు వెంటనే ముందరి ఉబ్బును చేరి దానిని చెరచును. పది సెంటీమీటర్ల అలకు ఆ దూరమే ఎక్కువ. కావున అది అంతగా చెడదు. నా కారులో కంఠము మిగిలి మృదంగము పోవుటకు కారణ మిదియే.

దీనికి మందు ఒక్కటే: ముందు అలకును వెనుక అలకును నడుమ గోడ కట్టుట. కారులో ఆ గోడ తలుపే. తలుపు రేకునకును స్పీకరునకును మధ్య వ్రేలు పట్టు సందున్నను గోడకు కన్నము పడినట్లే. వేల రూపాయల స్పీకరు కొని సందు మూయకుండుట, కుండ కొని అడుగున చిల్లి పెట్టుట వంటిది.

రెండు తలుపుల పొత్తు

ఒక్క స్పీకరు ముందు వెనుకలకే ఈ నియమము పరిమితము కాదు. ఎడమ తలుపు స్పీకరు ముందునకు పోవునప్పుడు కుడి తలుపు స్పీకరును ముందునకే పోవలెను. అందులకే ప్రతి స్పీకరునకును ధన, ఋణ గుర్తులుండును. ఒక తలుపులో తీగలు తారుమారైనచో, ఒకటి ఉబ్బించు గాలిని రెండవది కుంగించును, గంభీరనాదము నశించును. కుడి యెడమలను వేరువేరుగా విన్నప్పుడు ఏ దోషమును తోచదు. కలిసి పాడినప్పుడే దోషము బయటపడును.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. పాత రేడియో స్పీకరు నొకదానిని, 1.5 వోల్టుల ఘట మొకదానిని తీసికొనుడు. ఘటపు ధన ధ్రువమును స్పీకరు ధన కొనకును, ఋణ ధ్రువమును ఋణ కొనకును ఒక్క క్షణము తాకింపుడు. శంకువు ముందునకు దుముకును. తీగలు మార్చి తాకించిన వెనుకకు పోవును. ఎక్కువసేపు తాకించి యుంచరాదు, తీగచుట్ట వేడెక్కును.

పని చేయు క్రమము

1. బ్యాటరీ ఋణ తీగను మొదట విప్పవలెను. నేటి కార్లలో ఎయిర్‌బ్యాగు అను గాలిసంచికి సంబంధించిన తీగలును, ఒత్తిడిని కనిపెట్టు సాధనములును కొన్నిటి తలుపులలో నుండును. వాని కొనలు తరచుగా పసుపుపచ్చగా నుండును. వానిని తాకరాదు. కారుతో నిచ్చిన పుస్తకమున చెప్పిన కాలము ఆగి, అటుపిమ్మటనే పని మొదలుపెట్టవలెను. అట్టి సాధనము గల తలుపునకు క్రొత్త రంధ్రములు చేయరాదు.

2. కొనుటకు ముందే కొలువవలెను. రంధ్రపు వెడల్పు మాత్రమే చాలదు. కిటికీ అద్దమును పూర్తిగా దించి, రేకు నుండి అద్దము వరకు ఎంత లోతున్నదో చూడవలెను. ఆరున్నర అంగుళముల స్పీకర్లకు సాధారణముగా 5 నుండి 7 సెంటీమీటర్ల లోతు కావలెను. లోతు చాలనిచో అద్దము దిగి అయస్కాంతమునకు తగులును.

3. డోర్ ప్యాడును విప్పునపుడు దాగియున్న మరలన్నియు వెదకి తీయవలెను. పిదప ప్లాస్టిక్ పలకతో క్లిప్పుల నొక్కొక్కటిగా ఊడదీయవలెను. ఇనుప సాధనముతో పెకలించిన క్లిప్పులు విరుగును. కిటికీ మీట తీగలను లాగక, గుబ్బ నొక్కి విప్పవలెను.

4. లోపలి ప్లాస్టిక్ పొరను చింపరాదు. ఇది పనికిమాలిన సంచి యని కొందరు చించి పారవేయుదురు. వాననీరు అద్దపు రబ్బరు ప్రక్కనుండి తలుపులోనికి దిగుట సహజమే. ఆ నీరు అడుగున నున్న రంధ్రముల ద్వారా పోవును. లోపలి వైపునకు రాకుండ ఈ పొర ఆపును. నా కారులో నీరు వచ్చుటకు ఈ పొర చినుగుటయే కారణము. అడుగు రంధ్రములను మూయుటయు తప్పే. నీరు నిలిచి రేకు త్రుప్పు పట్టును.

5. స్పీకరు రంధ్రమునకు సరిపడనిచో నడుమ వలయము పెట్టవలెను. చెక్కపొడి అట్టతో చేసిన వలయము తడికి ఉబ్బును; ప్లాస్టిక్ వలయము మేలు. వలయమునకు ఇరువైపుల మెత్తని నురుగుపట్టీ పెట్టి, ఎదురెదురు మరలను కొంచెము కొంచెముగా బిగింపవలెను.

6. కారు తీగలను కోయక, ఆ కారునకు సరిపడు జోడింపు తీగలను వాడుట మంచిది. బయట కొను స్టీరియోలలో ముందు ఎడమకు తెలుపు, ముందు కుడికి బూడిదరంగు, వెనుక ఎడమకు ఆకుపచ్చ, వెనుక కుడికి ఊదా తీగలుండుట వాడుక. నల్లని చార గలది ఋణ తీగ.

7. ప్యాడు మూయక ముందే పాట పెట్టి వినవలెను. అద్దమును పైకి క్రిందికి నడిపి చూడవలెను. గంభీరనాదము పలుచగా నున్నచో ఒక స్పీకరు తీగలు మాత్రము మార్చి మరల వినవలెను. ఏ కూర్పున నాదము నిండుగా నుండునో అదియే సరియైనది.

పెట్టెమీది వాట్లు

స్టీరియో పెట్టెమీద "50 వాట్లు × 4" అని పెద్ద అక్షరములతో నుండును. పదవ తరగతి లెక్కతో దానిని పరీక్షింపుడు. ఇంజను నడుచునప్పుడు కారు విద్యుత్తు సుమారు 14 వోల్టులు. వోల్టేజీని పెంచు ప్రత్యేక సాధనము లేని స్టీరియో స్పీకరునకు పంపగల గరిష్ఠ వోల్టేజీ అంతే. దానిని 1.414 చే భాగింపగా సుమారు 9.9 వోల్టులు. దీని వర్గమును 4 ఓముల నిరోధముచే భాగించిన వచ్చునది దాదాపు 24.5 వాట్లు. నష్టములు పోగా నిలకడగా వచ్చునది ఇంకను తక్కువ. కావున పెట్టెమీది పెద్ద సంఖ్యను చూచి వెల యిచ్చుట తగదు. 4 ఓములకు నిర్మించిన స్టీరియోకు 2 ఓముల స్పీకరు తగిలించుటయు కూడదు. ప్రవాహము రెట్టింపై అది వేడెక్కి చెడవచ్చును.

చెవికిని ఒక హద్దు కలదు

వారమునకు 40 గంటలు వినువారికి ధ్వని 80 డెసిబెళ్లు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 90 డెసిబెళ్ల కడ ఆ కాలము వారమునకు 4 గంటలే. పోయిన వినికిడి ఏ షెడ్డులోను బాగుపడదు. బండి నడుపువానికి వెనుకనుండి వచ్చు అంబులెన్సు మోత వినబడి తీరవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది సరిహద్దునకు ఆవల, చిత్తూరు జిల్లాలో. అక్కడ ఎవరును నన్ను అడుగని ప్రశ్న ఇక్కడ ప్రతి యేటను బడిలో చేర్చుకొను దినములలో వినుచున్నాను: "తెలుగులో చదివితే పిల్లవానికి పని దొరుకునా?" దానికి నా సమాధానముగా ఆ పూర్వవిద్యార్థిని చూపుచున్నాను. షెడ్డులో పలుకు మాటలు కొన్ని తమిళము, కొన్ని కన్నడము, పెక్కు ఇంగ్లీషు. అవి రెండు నెలలలో నోటికి వచ్చును, అతనికిని వచ్చినవి. కాని అల యేమి, అల అలను ఎట్లు చెరచును అను సంగతి బాల్యమున, తనకు తెలిసిన మాటలలో విన్నందువలననే అతని మనస్సున నిలిచినది. నా సగము జీతమును మిగిల్చినది ఆ పాఠమే. తమిళము, ఇంగ్లీషు పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అందులకై అర్థమగు భాషను వదలుకొన నక్కరలేదు.

అభ్యాసము

1. 50 హెర్ట్జుల నాదమునకు అల పొడవు ఎంత?

2. స్పీకరును తలుపులో బిగింపక చేతితో పట్టుకొని పాడించిన, గంభీరనాదము ఏల తగ్గును?

3. కుడి, యెడమ స్పీకర్ల తీగలు రెండును తారుమారైనచో గంభీరనాదము చెడునా? ఆలోచించి కారణము వ్రాయుడు.

4. తలుపు అడుగు రంధ్రములను మూసిన కలుగు నష్టమేమి?

5. మీ యింటనో, వీధిలోనో మోటారు పనిచేయువారు వాడు పదములు పది సేకరించి, వానికి తెలుగున అర్థము వ్రాసి తెండు.